బోర్లా వేసిన సముద్రం

నంద్యాలలో దేవరాజు బండలు పరిచిన ఇంట్లో నీళ్లు ఒలికితే, అవి తూము వైపే పోయేవి. అతని గురించి చెప్పాల్సిన మొదటి మాట ఇది. మిషన్ బడిలో మూడో తరగతి దాటలేదన్నది ఆ తర్వాతి మాట. ఆళ్లగడ్డ శిల్పులు రాయిలో దేవుణ్ణి చూస్తే, దేవరాజు వంటింటి గచ్చును చూసేవాడు. అందుకు అతనేమీ చిన్నబుచ్చుకోలేదు. దేవుడి మీద ఎవరూ పప్పు ఒలకబోయరు గదా అనేవాడు.

యాగంటి దోవలో ఒక గుట్ట పక్కన అతని గని. పని నేర్పినవాళ్లెవరూ లేరు. సుత్తితో తట్టి వింటూ, పగిలినప్పుడల్లా ఎందుకు పగిలిందో చూసుకుంటూ తనే నేర్చుకున్నాడు. రాతి పొరలకు పేర్లు కూడా తనే పెట్టుకున్నాడు. గుట్ట నెత్తిన ఉన్న గట్టి ఇసుకరాయి మామ. ఎండా వానా తనే మోస్తున్నట్టు బిగుసుకుని ఉంటుంది. దాని కింద, ముట్టుకుంటే చాలు పెచ్చులు పెచ్చులుగా రాలిపోయే మెత్తటి పొర ఆడబిడ్డ. ఆ కింద మందపాటి నాపరాయి అత్త. నువ్వెక్కడ కొట్టినా తనకు తోచినచోటే పగులుతుంది. అన్నిటికీ అడుగున కోడలు. ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేస్తే పలకలు పలకలుగా విడిపోతుంది. ఇళ్లలో గచ్చుకు పోయేదంతా కోడలే.

"అంతేలేప్పా, యాడైనా కోడలే గదా కింద పడుండేది!" అని గనిలో మనుషులు నవ్వేవారు.

ఈ పేర్లు విని భార్య హన్నమ్మ ఒకరోజు నిలదీసింది. "అందర్నీ గుట్టలో పెట్టినావే, మరి నేనేడుండా?"

"నువ్వు సుత్తివి లేవే" అన్నాడు దేవరాజు. ఆ రాత్రి అతనికి సంగటి గట్టిగా, చారు పలచగా దొరికాయి.

డెబ్బై తొమ్మిదిలో ఆ గనికి కమలాక్షమ్మ వచ్చింది. నంద్యాలలో కాలేజీ పిల్లలకు భూగర్భశాస్త్రం చెప్పే టీచరమ్మ. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో చిన్న సుత్తి.

దేవరాజు ఆ సుత్తిని చూసి జాలిపడ్డాడు. "దీంతో ఏం చేస్తావమ్మా, శనిక్కాయలు కొడతావా?"

ఆమె ఏమీ అనుకోలేదు. గుట్ట పొరల పటం ఒకటి గీస్తున్నానని, ఏ పొర మీద ఏ పొర ఉందో తెలిసినవాళ్లు కావాలని చెప్పింది. దేవరాజు మామ దగ్గర మొదలుపెట్టి కోడలి దాకా చెప్పుకొచ్చాడు. ఆమె నవ్వకుండా అన్నీ పుస్తకంలో రాసుకుంది. పక్కన 'చెప్పినవారు: దేవరాజు' అని కూడా రాసింది. ఆ మాట తెలిసిన నాటినుంచి అతను ఆమె కోసం ఎండలో రెండు మైళ్లు నడవమన్నా నడిచేవాడు.

"అన్నా, ఇదంతా ఒకప్పుడు సముద్రం" అంది ఆమె ఒకరోజు.

"యాడ? ఈడనా? తాగేదానికి నీళ్లు లేవు గదమ్మా!"

అత్త పొరలో అక్కడక్కడా ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు చుట్లు చుట్లుగా గుర్తులుండేవి. ఆమె వాటిని చూపించింది. "ఇది సముద్రపు పాచి. ఒకదాని మీద ఒకటి పొరలు కట్టుకుంటా పెరిగి, ఇట్లా రాయైపోయింది. కోట్ల ఏండ్ల కిందటి మాట."

"అయితే చేపలు గూడా దొరకల్ల గదా?"

"అప్పటికింకా చేపలు పుట్టలేదన్నా."

దేవరాజు ముఖం వాడిపోయింది. "చేపలు లేంది ఏం సముద్రమమ్మా!" అన్నాడు, ఎవరో తనకు పుచ్చు బండ అంటగట్టినట్టు.

మామ పొరలో మాత్రం అతనికి తెలిసిన గుర్తులే ఉన్నాయి. కొన్ని బండల మీద వరుసగా అలల్లాంటి గీరలు ఉంటాయి. అవి లోతులేని సముద్రం ఒడ్డున నీళ్లు ఇసుక మీద ఆడిన గుర్తులని ఆమె చెప్పింది. దేవరాజు తల గోక్కున్నాడు. ఆ సముద్రాన్ని అతను నంద్యాల ఆడవాళ్లకు బట్టలుతికే బండలుగా అమ్మబట్టి అప్పటికి పదకొండేళ్లయింది. గీరలుంటే మురికి బాగా వదులుతుంది మరి.

కమలాక్షమ్మ రెండేళ్లు తిరిగి పటం పూర్తి చేసింది. దాన్ని పరీక్షించడానికి విశ్వవిద్యాలయం నుంచి ఒక పెద్దసారు జీపులో వచ్చాడు. ఆయన సరే అంటే పటం అచ్చుకు పోతుంది, చెప్పినవాడి పేరుతో సహా. కాదంటే రెండేళ్ల నడక వృథా. దోవ చూపడానికి దేవరాజును ఎక్కించుకుందామని ఆయనా కమలాక్షమ్మా ముందు అతని ఇంటికి వచ్చారు.

పెద్దసారు మంచినీళ్లు తాగుతూ పెరట్లోకి చూశాడు. హన్నమ్మ చీరలు ఉతుకుతోంది. ఆయన చెంబు అక్కడే పెట్టి, బండ దగ్గర గొంతుక్కూచున్నాడు.

"అద్భుతం! ఈ రాయి ఆ గుట్టదేనా?"

"ఆ గుట్టదే సారూ. మామ పొరది."

"గుట్టలో ఎలా ఉండేదో చెప్పగలవా?"

దేవరాజు ఛాతీ పొంగింది. ఉలి ముట్టించకుండా, మూల కూడా చెక్కకుండా తెచ్చిన బండ అది. "ఆడ ఎట్లుండెనో అట్లే తెచ్చి ఏసినా సారూ. ఇంత గూడా మార్చలా."

పెద్దసారు ముఖం గంభీరమైపోయింది. గీరల మీద వేలు పెట్టాడు. "చూడండి కమలాక్షీ. నీళ్లు చేసిన గట్లకు మీదివైపు మొనలుండాలి, మధ్య పల్లాలు గుండ్రంగా ఉండాలి. ఇక్కడ గట్లే గుండ్రంగా ఉన్నాయి, పల్లాలు సన్నగా ఉన్నాయి. ఇది పొర అడుగు భాగం. అడుగు ఆకాశాన్ని చూస్తోందంటే గుట్ట మొత్తం తిరగబడిందన్నమాట. మీ పటం తల్లకిందులైంది."

కమలాక్షమ్మ చేతిలోని పటం చుట్ట నలిగిపోయింది.

"తిరగబడిందంటే ఏంది సారూ?" అన్నాడు దేవరాజు.

"నువ్వు అన్నిటికన్నా కింద ఉందన్న పొర నిజానికి అన్నిటికన్నా పైది."

"కోడలు మామ నెత్తిన కూచుంటుందా!" దేవరాజుకు కోపం వచ్చింది. "పదహారేండ్లుగా తవ్వుతాండా సారూ, గుట్ట నాతో ఒక్కసారి గూడా అబద్ధం చెప్పలా."

"గుట్ట చెప్పలేదయ్యా. నువ్వే చెప్పావు, ఎలా ఉన్నది అలాగే వేశానని."

అంతవరకూ చీర పిండుతున్న హన్నమ్మ తలెత్తింది. "ఎట్లుండెనో అట్లేసినాడా? ఎవురు, ఈయప్పా? బోర్లేసినాడు సామీ! మొనలు మీదికుంటే కోకలు చినిగిపోతాయని నేనే పోరు పెట్టి బోర్లేయించుకున్నా. ఈ ఊర్లో ఏ పెరట్లో అయినా చూడు, ఉతికే బండ బోర్లానే ఉంటాది."

దేవరాజు నాలుక కరుచుకున్నాడు. "అవు సారూ. నేను జెప్పింది ఉలి ముట్టించలా అని. బోర్లేసింది నేనే, గుట్ట గాదు."

పెద్దసారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మాటలు ఎన్నైనా చెప్పొచ్చు."

"అయితే తిప్పుదాం పట్టు సారూ" అన్నాడు దేవరాజు. మాటలకన్నా గునపమే అతనికి తేలిక.

హన్నమ్మ విసుక్కుంటూ తడిబట్టల మూట పక్కకు లాగింది. దేవరాజు గునపం పెట్టి లేపాడు. జీపు డ్రైవరు ఒక మూల, పెద్దసారు ఒక మూల పట్టారు. బండ ధబీమని తిరగబడింది. పదేళ్లుగా అడుగున వెలుగు చూడని గీరలు, బురద కింద కత్తుల్లా మొనలు తేలి ఉన్నాయి.

కమలాక్షమ్మ ఊపిరి పీల్చుకుంది. పెద్దసారు మాత్రం జేబురుమాలుతో బురద తుడుస్తూ, ఒక్కో మొననూ తడిమి చూస్తూ, "మొనలైతే ఉన్నాయి గానీ, నిజంగా చీరలు చింపేంత వాడివేనా? ఇంకా నమ్మకంగా తేలాలి..." అని గొణిగాడు.

"నమ్మకం కావల్నా? ఆ గుడ్డ ఇట్లియ్యి" అంది హన్నమ్మ. జేబురుమాలు లాక్కుని, తడిపి, బండ మీద రెండు రుద్దులు రుద్దింది. మూడోది రుద్దడానికి గుడ్డ మిగల్లేదు. పీలికలు ఆయన చేతిలో పెట్టింది.

పెద్దసారు వాటిని వెలుగులోకి ఎత్తి చాలాసేపు చూశాడు. తర్వాత కమలాక్షమ్మ చేతిలోని పటం తీసుకుని, మోకాలి మీద పరిచి, సంతకం చేశాడు. చెప్పినవాడి పేరును కొట్టేయలేదు. దాని పక్కన 'మరియు హన్నమ్మ' అని చేర్చాడు.

అందరూ జీపు వైపు కదిలారు. హన్నమ్మ గునపం దారికి అడ్డంగా పెట్టింది.

"యాడికి పోతాండారు? నా బట్టలు సగం అట్లే ఉండాయి. సముద్రాన్ని మళ్లా బోర్లేసి పొండి."

పెద్దసారు చొక్కా చేతులు పైకి మడిచాడు.