దుమ్మని చెప్పేను

నేను కౌన్సెలింగ్ చేస్తాను. ఎదుటివాళ్ల బాధ వినడమే నా ఉద్యోగం. ఒకసారి ఒకమ్మాయి నా దగ్గర ఏడుస్తుంటే గడియారం చూసేను. "టైం చూస్తున్నారా మేడమ్?" అంది. "లేదమ్మా" అన్నాను. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు.

అది జరిగిన ఆర్నెల్లకి అనకాపల్లిలో బస్సెక్కేను. పూడిమడక నుంచి ఎండుచేపల గంపతో వచ్చిన ముసలావిడ నా పక్కన కూర్చుంది. కాసేపటికి చెంగు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

"కంపొత్తందేటమ్మా?" అంది.

"లేదు మామ్మా, దుమ్ము."

ఆవిడ గంప ఎత్తుకుని వెనక్కి పోయి, కడ్డీ పట్టుకుని నిలబడింది. బస్సులో వేరే సీటు ఖాళీ లేదు. నాకు సిగ్గేసింది. లేచి వెళ్లి, "వాసనకే మూసుకున్నాను మామ్మా, అబద్ధం చెప్పేను. వచ్చి కూర్చో" అన్నాను.

"ఎండుసేప కంపు కొడతాదని నాకు తెల్దేటి? మూసుకుంటే మూసుకున్నావు. దుమ్మన్నావు సూడు, దానికి మండింది నాకు."

అంటూనే వచ్చింది. "జరుగు, కిటికీ తీత్తాను" అని అద్దం తోసి, గంప మళ్లీ మా కాళ్ల దగ్గరే పెట్టింది.

ఆ వారమే ఆ అమ్మాయికి ఉత్తరం రాసేను, ఆ రోజు గడియారం చూసేనని. జవాబు రాలేదు. ఆమె ఫైలు ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది. చివరి పేజీలో, నా దస్తూరీలో, ఆ రోజు రాసిన ఒకటే మాట: 'అనుమానం ఎక్కువ.'