మూడో పళ్ళెం

మా చర్చిలో క్రిస్మస్ రోజు బాలయేసుకు జ్ఞానులు తెచ్చే కానుకలు చాలా ఏళ్ళుగా ఖాళీ పెట్టెలే. సబ్బుల అట్టపెట్టెలకు మెరుపు కాగితం చుట్టి ముగ్గురి చేతుల్లో పెట్టేవాళ్ళం. పైకి బంగారం, సాంబ్రాణి, బోళం, లోపల గాలి. నేను డిప్లొమా చదివి మార్టూరులో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో మెషీన్ల మరమ్మతులు చూస్తాను. బోల్టు మీద రాసిన సైజు ఒకటి, అసలు సైజు ఇంకొకటి అయితే నాకు ఊపిరాడదు. అందుకే పోయిన ఏడాది యూత్ మీటింగ్‌లో లేచి, "ఈసారి నిజమైన వస్తువులే పెడదాం" అన్నాను. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, వెంటనే ఒప్పుకున్నారు. పని నా మీదే పడింది.

కాగితం మీద నాలుగు గడులు గీశాను: వస్తువు, ఎక్కడ దొరుకుతుంది, ఎవరు మోస్తారు, మోసేవాళ్ళు ఏం చెప్పాలి. అయ్యగారు ఏటా చేసే ప్రసంగాన్ని బట్టి నాలుగో గడి నేనే నింపాను. బంగారం మోసేవాళ్ళు "ఇది రాజుకు" అనాలి. సాంబ్రాణి మోసేవాళ్ళు "ఇది దేవునికి" అనాలి. బోళం ఆ రోజుల్లో శవాలకు పూసే బంక, కాబట్టి అది మోసేవాళ్ళు "ఇది మన కోసం చనిపోబోయేవానికి" అనాలి. కింద ఒక గమనిక కూడా రాసుకున్నాను. జ్ఞానులు ముగ్గురని సువార్తలో ఎక్కడా లేదు, కానుకలే మూడు. కాబట్టి కిరీటాలూ పెట్టుడు గడ్డాలూ అక్కర్లేదు, సంఘంలో ఎవరైనా మోయవచ్చు.

బంగారం కోసం సంఘ పెద్ద గారి భార్య తన గాజు ఇస్తామన్నారు, ఆరాధన అవ్వగానే తిరిగి ఇచ్చెయ్యాలన్న షరతు మీద. మళ్ళీ తీసుకునేది కానుక ఎలా అవుతుందని అడగబోయి ఊరుకున్నాను. బోళం కోసం చిలకలూరిపేటలో వనమూలికల కొట్టుకు వెళ్ళాను. గల్లా దగ్గర విభూతి రేఖలతో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"బాలింతబోళమేగా? ఉంది. మగపిల్లాడా, ఆడపిల్లా?"

"నాకింకా పెళ్ళి కాలేదండీ."

"మరి ఎవరికి?"

"చర్చికండీ."

ఆయన కళ్ళద్దాల మీదుగా నన్ను చూశాడు. "చర్చిలో ఎవరు కన్నారయ్యా?"

నేను జవాబు వెతుక్కునేలోపే పొట్లం కట్టేశాడు. "చేదుగా ఉంటుంది. బెల్లం ముక్క నంజుకోమని చెప్పు." ముసలాయన సరదా మనిషి అనుకుని బండి ఎక్కాను.

మా అమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. ఆమె క్రిస్మస్ రోజుల్లో పత్తి తీతకూ, కొత్త సంవత్సరం వచ్చాక మిరప కోతకూ కూలికి వెళ్తుంది. దీనికి తోడు మా పాలెంలో ఆమెకు జీతం లేని పని ఒకటి ఉంది. ఆడమనిషి ఎవరైనా చనిపోతే స్నానం చేయించి, తల దువ్వి, చీర కట్టి, పెట్టెలో పెట్టడానికి సిద్ధం చేసేది మా అమ్మే. చావింటి కబురు మొదట మా గుమ్మానికే వస్తుంది. పురిటింటి కబురు మాత్రం ఎప్పుడూ రాదు. ఆమె పసిబిడ్డను ఎత్తుకోబోతే "ఇప్పుడే పడుకుందిలే వదినా" అని బిడ్డను అవతలికి తిప్పేసేవాళ్ళను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మేమంతా శకునాలు లేవని ప్రార్థనలో ఒప్పుకున్నవాళ్ళమే. అయినా ఆ చేతులు ఏం చేస్తాయో అందరికీ గుర్తుంటుంది.

క్రిస్మస్ ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక, ఎవరు ఏది మోయాలో తేల్చడానికి కూర్చున్నాం. బంగారం పెద్ద గారే మోస్తారని ఒక్క నిమిషంలో తేలింది. సాంబ్రాణి అనగానే ఇద్దరు ముసలివాళ్ళు "మన చర్చిలో పొగలేంట్రా?" అన్నారు. వెలిగించం, పళ్ళెంలో పెట్టి చూపిస్తాం అంతే అని చెప్పాక, పాటలు పాడించే మా స్నేహితుడు చెయ్యెత్తాడు. మూడో పళ్ళెం దగ్గర అందరూ చాపల వైపు చూశారు.

"పండగ పూట చావు సామాను ఎవరు పట్టుకుంటారు బాబూ?" అన్నారు పెద్ద గారి భార్య. "మా ఇంట్లో పచ్చి బాలింత ఉంది. దాన్ని మా వైపు మాత్రం తీసుకురాకండి." ఆమె కూతురు పది రోజుల కిందటే ప్రసవించి పుట్టింట్లోనే ఉంది.

"ఒరేయ్, సబ్బు పెట్టే నయం. దాన్నైతే రెండు చేతులా మోస్తాం" అని మా స్నేహితుడు నవ్వించాడు.

పెద్ద గారు విసుక్కున్నారు. "దీనికింత చర్చ ఎందుకయ్యా? మీ అమ్మ ఉందిగా. ఆమెకు అలవాటే."

ఆయన ఎగతాళిగా అనలేదు. అందరికీ తెలిసిన విషయం చెప్పినట్టు మామూలుగా అన్నారు. ఊరంతా చాటున అనుకునే మాటను క్రిస్మస్ రోజు సంఘం ముందు అమ్మ చేతుల్లో పెట్టి నడిపిస్తారన్నమాట.

"మా అమ్మ మోస్తే బంగారమే మోస్తుందండీ" అన్నాను, గొంతు పెంచి.

ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మ గొంతు వినిపించింది. "నువ్వు కూర్చోరా. ఆ పళ్ళెం నేను పట్టుకుంటానండీ అయ్యగారూ."

ఇంటికొచ్చాక నేను ఆగలేదు. "వాళ్ళు నిన్ను ఎందుకు పిలిచారో తెలుసా నీకు?"

"తెలుసు. ఏదీ, ఆ పొట్లం చూపించు."

విప్పి, ఎర్రటి గడ్డ ఒకటి తీసి వాసన చూసి, మొహం చిట్లించి నవ్వేసింది. "ఇదా! నువ్వు పుట్టినప్పుడు మా అమ్మ ఇది నా నోట్లో కుక్కింది. బెల్లంతో కలిపి ఉండ చేసి. ఆ చేదు, నిన్ను తిట్టుకుంటూ మింగాను."

"బాలింతలకు పెట్టేదా ఇది?"

"కొట్టువాడు చెప్పలేదా?"

"మగపిల్లాడా ఆడపిల్లా అని అడిగాడు. వేళాకోళం అనుకున్నా."

"చదువుకున్నావు కదా, ఏం చేస్తాం" అంది.

ఆ మందు గుణదోషాలు డాక్టర్లు చెప్పాలి, నాకు తెలియదు. కానీ నేను వెంటనే బైబిల్ తీసి ఆ భాగం మళ్ళీ చదివాను. జ్ఞానులు వెళ్ళింది పశువుల పాకకు కాదు, ఇంటికి. ఆ ఇంట్లో వాళ్ళు చూసినవాళ్ళలో బిడ్డ ఒక్కడే లేడు, తల్లి కూడా ఉంది. అన్నిసార్లు చదివిన నేను ఆ తల్లిని కానుకల లెక్కలోకి తీసుకోలేదు. యేసు సమాధి దగ్గరికి కూడా బోళం తెచ్చారని అమ్మకు చెప్పాను.

"తెచ్చే ఉంటారు" అంది. "పుట్టినప్పుడూ పోయినప్పుడూ మనిషి తన ఒళ్ళు తాను కడుక్కోలేడు. ఇంకొకరి చెయ్యి కావాలి. ఇందులో అసహ్యం ఏముంది?" పొట్లం మళ్ళీ కడుతూ, "నువ్వు రాసిన మాట మాత్రం నేను చెప్పను. నాకు తోచింది చెప్తా" అంది.

ఏం చెప్తుందో అడిగితే చెప్పలేదు. సాక్ష్యాల సమయంలో ఒక్కసారి కూడా లేచి మాట్లాడని మనిషి. మధ్యలో తడబడితే జనం నవ్వుతారేమోనని ఆ మూడు రోజులూ నాకు ఒకటే భయం.

క్రిస్మస్ ఉదయం చర్చి బయటి దాకా నిండింది. పెద్ద గారు గాజు ఉన్న పళ్ళెం ఎత్తి "ఇది రాజుకు" అన్నారు. మా స్నేహితుడు "ఇది దేవునికి" అన్నాడు. తర్వాత అమ్మ నడిచింది. ఇస్త్రీ చేసిన తెల్ల చీర, పత్తికాయల మొనలు గీరిన వేళ్ళు. ఆమె వస్తుంటే దారి పక్కన కూర్చున్న ఇద్దరు ముగ్గురు కొంగులు దగ్గరికి లాక్కోవడం నేను చూశాను. ఆమె కూడా చూసే ఉంటుంది. బల్ల దగ్గర ఆగి, మా వైపు తిరిగింది.

"ఇది తల్లికి" అంది.

"బిడ్డను చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ తల్లిని మర్చిపోలేదు. పక్కన అమ్మ లేదు, అత్త లేదు, ఊరు కాని ఊర్లో కన్నది. ఆమెకు స్నానం ఎవరు చేయించారో ఎవరూ రాయలేదు. ఎవరో ఒకామె చేయించే ఉంటుంది." పళ్ళెం బల్ల మీద పెట్టి, తన చోటికి వెళ్ళి కూర్చుంది.

అయ్యగారు ప్రసంగం కాగితాలు పట్టుకుని లేచారు. వాటిని మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఇన్నేళ్ళుగా బోళం అనగానే నేను సమాధికి వెళ్ళిపోయాను" అన్నారు. "దారిలో బాలింత ఉంది. ఆమె దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు." ఆ రోజు ఆయన మాట్లాడింది అంతా దాని గురించే.

నేను నా కాగితానికి ఐదో గడి కలిపాను: నిజంగా ఇచ్చామా? ఆరాధన అవ్వగానే గాజు చేతికి వెళ్ళిపోయింది. సాంబ్రాణి నిప్పు చూడలేదు. కాలకుండా అది ప్రార్థనకు గుర్తు ఎలా అవుతుందో నాకు తెలియదు. బోళం ఎదురుగా మాత్రం అవును అని రాశాను. మాలాంటి వాళ్ళ దగ్గర రాజులకిచ్చేంత బంగారం ఉండదు. మంచాన పడ్డవాళ్ళ దగ్గరికీ, పురిటి మంచం దగ్గరికీ, చావు దగ్గరికీ మొహం తిప్పుకోకుండా వెళ్ళే చేతులు ఉంటాయి. మూడో కానుక ఈ రోజుకు అదే అని నా నమ్మకం. ఆ కానుక మా ఇంట్లో నేను పుట్టకముందు నుంచీ ఉంది. నేనే దాన్ని కొట్టులో వెతికాను.

ఆవరణలో భోజనాలు వడ్డిస్తుండగా పెద్ద గారి భార్య మా విస్తరి దగ్గరికి వచ్చారు. గాజు చేతికే ఉంది. ఆమె నిలబడే ఉన్నారు.

"మా అమ్మాయికి నడుం పట్టేసింది. నాకు స్నానం చేయించడం సరిగా రావట్లేదు. బిడ్డ కూడా నా చేతుల్లో జారిపోతోంది" అన్నారు. చేతి గాజును వెనక్కి తోసుకున్నారు. "రేపు నువ్వు వస్తావా?"

అమ్మ నోట్లో ముద్ద మింగింది. "పత్తికి వెళ్ళేముందే వస్తాను. నీళ్ళు మాత్రం బాగా కాచి ఉంచండి. ఆ బోళం అమ్మాయికి పెట్టే సంగతి డాక్టరమ్మనడిగాకే, తెలిసిందా?"

మరుసటి రోజు డ్యూటీకి వెళ్తూ పెద్ద గారి ఇంటి ముందు బండి నెమ్మది చేశాను. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. అరుగు మీద పీట వేసుకుని మా అమ్మ కాళ్ళు చాపి కూర్చుంది. ఆ కాళ్ళ మీద పసిదాన్ని బోర్లా పడుకోబెట్టి నీళ్ళు పోస్తోంది. పసిదాని ఏడుపు వీధి చివరిదాకా వినిపిస్తోంది.

"ఏడవ్వే, గట్టిగా ఏడువు. ఊరంతా వినాలి" అంటోంది మా అమ్మ.