నేను కాదన్న ఇన్‌చార్జి కుర్చీ

ధర్మపురిలో నర్సులందరి మీద పెత్తనం చేసే కుర్చీ నన్ను వెతుక్కుంటూ వచ్చి కాళ్ళావేళ్ళా పడితే, పొమ్మని తోసేసినవాణ్ణి నేను. ఎనభైల్లో మాట. అప్పట్లో నేను కట్టు కడితే పుండు సిగ్గుపడి మానిపోతుందని సేలం దాకా చెప్పుకునేవారు.

సేలం అన్నది కొంచెం ఎక్కువైంది. పక్కనున్న పాలకోడు దాకా అనుకోండి. అక్కడైనా చెప్పుకున్నది మా మేనత్త ఒక్కతే.

నేనొక ప్రైవేటు ఆసుపత్రిలో మగ నర్సుని. అందరూ ‘బ్రదర్’ అని పిలిచేవారు. డ్రెస్సింగ్ రూములో కట్లు విప్పడం, పుండ్లు కడగడం, మళ్ళీ కట్టడం నా పని. నర్సుల ఇన్‌చార్జిగా ఉన్న పెద్ద సిస్టరు ఉద్యోగం విరమించి సొంతూరికి వెళ్ళిపోయాక, పెద్ద డాక్టరు నన్ను పిలిచాడు.

“ఆ కుర్చీలో కూర్చుని చూడు. ఆడి నెల పద్దెనిమిదో నాటి పండగ అయ్యాక ఏదో ఒకటి చెప్పు. కుర్చీయా, డ్రెస్సింగ్ రూమా? రెండూ కుదరవు” అన్నాడు.

ఇంట్లో మా ఆవిడ ఆ సాయంత్రమే తేల్చేసింది. “కూర్చోని చేసే పని. రాత్రి డ్యూటీ లేదు, చొక్కాకు చీము వాసన లేదు. ఇంగ యోచన దేనికి?”

దేనికో నాకూ తెలియదు. కుర్చీలో కూర్చున్నానంటే బల్ల కింద కాళ్ళు ఆడుతూనే ఉండేవి. ఎవరికి పగలు, ఎవరికి రాత్రి అని చార్టు గీయడం, స్పిరిటు సీసా ఎక్కడ పోయిందని అడగడం, దుప్పట్లు చాకలి నుంచి వచ్చాయా అని చూడడం. ఒక కాగితం పూర్తయితే మంచినీళ్ళకు లేచేవాణ్ణి. నీళ్ళ కుండ డ్రెస్సింగ్ రూము పక్కన ఉండేది. అంత దాహం నా జన్మలో మళ్ళీ వేయలేదు.

ఒకరోజు అలా నీళ్ళు ముంచుకుంటుంటే లోపల కేక వినిపించింది. మారండహళ్ళి పక్క పల్లె నుంచి వచ్చిన ఒకామె. రాగిసంగటి కెలుకుతుంటే కుండ పొర్లి పాదమంతా కాలింది. ఉడుకు సంగటి నీళ్ళలాగా జారిపోదు, చర్మాన్ని పట్టుకుంటుంది. కొత్త నర్సు ఆ కట్టును పొడిగానే లాగుతోంది. అంతవరకూ అరవంలో మాట్లాడుతున్న ఆమె, నొప్పికి తెలుగులోకి వచ్చేసింది. “అయ్యో, సచ్చిపోతినే!”

నేను లోపలికి పోయి స్టూలు లాక్కున్నాను. అతుక్కున్న గుడ్డను లాగకూడదు. సెలైన్ నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ, అది తనంతట తాను వదిలేదాకా కాచుకోవాలి. అందాకా రోగి చేత ఏదో ఒకటి మాట్లాడించాలి.

“అక్కా, సంగటి గడ్డలు కట్టకుండా ఎట్ల కెలకాల?”

ఆమె ఏడుపు ఆపి నన్ను ఎగాదిగా చూసింది. “నువ్వు మనోళ్ళేనా? మగోడివి నీకెందుకన్నా ఆ పని? నీ పెండ్లాం కెలకదా?”

“కెలుకుతుంది. గడ్డలు కడతాయి.”

“అట్లయితే నువ్వే కెలుకు. చేతులుండాయి కదా!”

నవ్వుతుండగానే గుడ్డ ఊడి వచ్చింది. అదయ్యాక ఆమె, “రేప్పొద్దున కూడా నువ్వే వస్తావా అన్నా?” అని అడిగింది. రోజూ పొద్దున్నే వస్తానన్నాను. తలుపు దగ్గర పెద్ద డాక్టరు నిలబడి ఉన్నాడు. “బ్రదర్, చార్టు ఏది?” ఇప్పుడే ఇస్తానన్నాను. ఇద్దరికీ మాట ఇచ్చి కుర్చీలోకి వచ్చి పడ్డాను. ఎటు కూర్చున్నా రెండోది పీకుతూనే ఉంది.

ఇంతలో ఆడి పద్దెనిమిది దగ్గరపడింది. మా వైపు ఆ రోజు ఊరంతా హొగేనకల్‌లో కావేరి స్నానానికి బయలుదేరుతుంది. ఒక నర్సుకు పెళ్ళయ్యాక మొదటి ఆడి, తాళికి కొత్త తాడు మార్చాలి. ఒకామెకు మొక్కుబడి. ఇంకొకామె అత్తగారితో పోకపోతే ఇంట్లో గొడవ. “మీరైతే కాదనరు బ్రదర్” అంటూ ఒక్కొక్కరే వచ్చారు. నేను దర్జాగా ఒక్కొక్కరికే సరేనన్నాను. అందరినీ కలిపి ఒక్కసారి కూడా చూసుకోలేదు.

ఆ రోజు పొద్దున వార్డులో ఉన్నది నేను, ఒక ఆయమ్మ. డాక్టరు తనే గ్లూకోజు సీసాలు తగిలించాడు. ముఖం చూస్తే నన్ను కూడా ఆ కొక్కేనికే తగిలించేలా ఉన్నాడు. నేను మంచాల మధ్య పరుగులు పెట్టాను. నిజం చెప్పాలంటే లోపల సంతోషంగానే ఉంది. నెల రోజులుగా ఆడుతున్న కాళ్ళు ఆ రోజే కుదురుకున్నాయి.

కానీ డ్రెస్సింగ్ రూము చేరేసరికి పొద్దు వాలింది. మారండహళ్ళి ఆమె కట్టు ఎండి అప్పడంలా బిగుసుకుంది. ఎంత తడిపినా పుండును వదల్లేదు. మాటల్లో పెట్టబోతే ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. చివరికి అంది. “పొద్దున్నే వస్తానంటివి. అందరినీ కావేరికి అంపిస్తివంట కదా. నా కాలు ఏం పాపం చేసె?”

ఇంకో గిన్నెడు సెలైన్ తెచ్చి మళ్ళీ పోయసాగాను.

మర్నాడు పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళాను. “అయ్యా, అధికారం నాకెందుకు? పుండు కడిగే చేతికి కుర్చీ అడ్డం” అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకుని నన్ను కావలించుకున్నాడు.

కావలించుకోలేదు. కళ్ళు తుడుచుకున్నది నిజమే గానీ, అది జలుబు. నేను అన్నది కూడా “సార్, నేను డ్రెస్సింగ్ రూముకే పోతాను” అని మాత్రమే. ఆయన “పో” అన్నాడు. కానీ కుర్చీని వద్దన్నది మాత్రం నేనే. ఆ ముక్కలో ఒక్క పొల్లు కూడా పెంచలేదు.

ఇంతవరకూ రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమెకు అరవమే చదవడం వచ్చు. చింతపండులో గింజలు తీస్తూ అంతా విన్నది.

“వద్దంటివా? ఆ దినం నీకు క్యారియరు తెచ్చింది నేనే. నువ్వు డాక్టరు రూములోకి పోయేలోపలే ఆడోళ్ళ వార్డు సిస్టరు ఆ కుర్చీలో కూర్చోనుండె. కుర్చీ మీదుండిన నీ తువ్వాలు మడిచి నా చేతికిచ్చె. ఆ సిస్టరు చార్టు రాసినాకనే మారండహళ్ళి ఆమెకు వేళకు కట్టు మార్చినావు నువ్వు. అది రాయి.”