బస్సులో విన్న శభాష్

ఎవరైనా శభాష్ అంటే నాకు ఎమ్మిగనూరు బస్సే గుర్తొస్తుంది. ఆదోనిలో ఎక్కి ఒకామె పక్కన కూర్చున్నాను. ఆమె భుజం మీద తల వాల్చి భర్త మత్తుగా నిద్రపోతున్నాడు. బస్సంతా సారా వాసన.

“ఇట్లాంటోళ్లకు నాలుగు తగిలిస్తే వాళ్లే మానుకుంటారు,” అన్నాడు ముందు సీటు పెద్దమనిషి. వెనకెవరో నవ్వారు.

ఆమె భర్త జేబులోంచి ఫోను తీసి, తాగుడు మాన్పించే యాప్ తెరిచింది. ‘ఈ రోజు తాగారా?’ అని అడిగిందది. ఆమె ‘లేదు’ నొక్కి, ఫోనును అతని చెవి దగ్గర పెట్టింది. “శభాష్! మీరు గెలుస్తున్నారు,” అంది ఫోను.

“తాగినాడు కదమ్మా?” అన్నాను.

“మొదట్లో నిజమే నొక్కుతాంటి సార్. మానింది లేదు. ఇంట్లో, వీధిలో అందరూ తిట్టేవాళ్లే. ఆయప్పను శభాష్ అనేది ఇదొక్కటే.”

ఎమ్మిగనూరు వచ్చింది. కండక్టరు అరుస్తుంటే చెరో రెక్కా పట్టుకుని అతన్ని దించాం. కింద అతను కళ్లు తెరిచాడు.

“ఈ పొద్దు అది ఏమనిందే?”

“శభాష్ అనింది.”

అతను ఆమె చేతిలోని ఫోను వైపు చూశాడు.

“దానికి గూడా అబద్ధం సెప్పినావా?” అంటూ బస్టాండు నేల మీద కూలబడ్డాడు.