పదకొండు వోల్టుల ధైర్యం

కోతులు దిగే ముందు తోటలో ఒక్క చప్పుడూ ఉండదు. పిట్టలు కూడా గమ్మునైపోతాయి. నాకు భయం ఆ గమ్ముతనం చూస్తేనే. పోయిన ఏడాది కాయల కాలంలో ఒక పెద్ద మగకోతి నా పిక్క పట్టుకుని కొరికింది. సూదులు వేయించుకున్నాను, గాయం మానింది, కానీ తోటలో కుదురుగా కూర్చోవడం మాత్రం నా వల్ల కావడం లేదు. షెడ్డు నుంచి గేటు దాకా, గేటు నుంచి షెడ్డు దాకా తిరుగుతూనే ఉంటాను. అన్నం కూడా నిలబడే తింటాను.

మా మామిడితోట బనగానపల్లె పక్కన. మా ఆయన ఆటో తోలుతాడు, పొద్దున పోతే మళ్లీ సాయంత్రమే. పగటి కాపలా నాది. టపాకాయలకు కోతులు మొదట్లో బెదిరాయి, తర్వాత తలెత్తి చూడడం కూడా మానేశాయి. ఈసారి కాయ పట్టగానే ఆయన ప్లాస్టిక్ గుండ్లు కొట్టే బ్యాటరీ తుపాకీ ఒకటి తెప్పించాడు. మీట నొక్కితే లోపల మోటారు తిరిగి గుండ్లు వరసగా పోతాయి. కోతిని కొట్టేది లేదు, ఆంజనేయస్వామిని కొడతావా అని ఊరంతా నా మీద పడుతుంది. చెట్టుకు కట్టిన రేకు మీద కొట్టాలి. ఆ టపటపకు అవి పారిపోవాలి.

తుపాకీతో వచ్చిన బ్యాటరీ తొందరగానే పోయింది. కొత్తది కొనడానికి ఇద్దరం కర్నూలు పోయాం. అంగడాయన రెండు బ్యాటరీలు ముందర పెట్టాడు. ఒకటి ఏడు వోల్టులది, ఇంకొకటి పదకొండుది.

"దీనికి చిన్నదే సరిపోతాదమ్మా. పెద్దది పెడితే బిరబిర కొడతాది గానీ, లోపల గేర్ల పండ్లు తట్టుకోవు, విరిగిపోతాయి" అన్నాడు.

నేను చిన్నది చేతిలోకి తీసుకున్నాను. మా ఆయన దాన్ని లాక్కుని పక్కన పెట్టాడు.

"వోల్టేజీ తక్కువైతే మోటరు కాలిపోతాది. నీకేం తెలుసు?"

బోరు నీళ్ల మీద బతికే మా అందరికీ వచ్చిన కరెంటు చదువు అదొక్కటే. స్టార్టరు పెట్టెలో వోల్టేజీ చూపే ముల్లు కిందికి ఉంటే మోటారు వేయకూడదు, వేస్తే గుయ్యిమని మూలిగి మాడిపోతుంది. ముల్లు ఎంత పైకుంటే అంత క్షేమం. ఎక్కువ వోల్టేజీతో ఏమవుతుందో మాకెవరికీ తెలియదు, మా లైనులో అది ఎప్పుడూ వస్తే కదా!

"బోరు వేరే, ఇది వేరేప్పా. తుపాకీ మీద ఎంత రాసుంటే అంతే పెట్టాల" అని అంగడాయన నచ్చజెప్పబోయాడు. మా ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పదకొండుదే కొన్నాం. బస్సులో నేను పోయి వేరే సీటులో కూర్చున్నాను.

తోటకొచ్చి బ్యాటరీ పెట్టి కొడితే రేకు దద్దరిల్లింది. "చూస్తివా?" అని ఆయన మీసం దువ్వాడు. నిజం చెప్పొద్దూ, నాకూ ధైర్యం వచ్చింది. కొద్ది రోజులు షెడ్డు ముందర మంచం వేసుకుని కూర్చోగలిగాను కూడా.

తర్వాత ఒక మధ్యాహ్నం పిట్టలు గమ్మునైపోయాయి. మంద దిగింది. ముందర ఆ మగకోతే. తుపాకీ ఎత్తి మీట నొక్కాను. లోపల టక్కుమని ఏదో విరిగింది. మోటారు ఒట్టిగా గిర్రున తిరుగుతోంది, గుండు బయటికి రాదు. కోతి నన్నే చూస్తూ పళ్లు బయట పెట్టింది. షెడ్డులోకి ఉరికి గడియ పెట్టుకున్నాను. పైకప్పు మీద అవి గంతులేస్తుంటే ఆయనకు ఫోన్ చేశాను.

"బేరంలో ఉండా. సాయంత్రం చూద్దాంలే" అన్నాడు.

ఆ 'లే' నాకు కోతి కాటు కంటే ఎక్కువ మండింది. సాయంత్రం ఇంటికి రాగానే తుపాకీ తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పడేశాను.

"రేపు తోటకు నువ్వే పో. నేను పోను."

"కోతికే ఇంత భయమా నీకు?" అని నవ్వాడు. పొద్దున వెదురుకట్టె భుజాన వేసుకుని ఈల వేసుకుంటూ పోయాడు.

ఇంట్లో ఉన్నా నాకు కాలు నిలవలేదు. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చాను. పొయ్యి మీద పప్పు మాడబెట్టాను. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఫోన్ మోగింది. ఆయన గొంతు శానా చిన్నగా ఉంది.

"యాడున్నావు?" అన్నాను.

"షెడ్డులో. తలుపేసుకోనుండా."

వెనక రేకుల మీద గంతులు వినబడుతున్నాయి.

"ఏమ్మే... నువ్వు ఈడ దినామూ ఒక్కదానివే ఎట్ల ఉంటాండావు?"

నవ్వబోతే ఏడుపొచ్చింది. కాటు పడిన నాటి నుంచి ఆయన నన్ను ఒక్కసారి కూడా అడగని మాట అది.

"తలుపు తీయాకు. నేనొస్తాండా" అన్నాను.