వరసలో మామయ్య చెప్పులు

ఆ రోజు పొద్దున మామయ్య చేసిన ఆఖరి పని, ఒక ఆడవాళ్ళ చెప్పుకి తెగిన పట్టీ కుట్టడం. దారాన్ని పంటితో తెంపి, ముడిని బొటనవేలితో నొక్కి, చెప్పుని దాని జత పక్కన పెట్టాడు. ఆ జత మేనకోడలిదే. ఎండలు ముదరకముందు ఇచ్చింది. అడిగినప్పుడల్లా "రేపు రా, ఇస్తా" అనేవాడు.

"చిటికెలో అయ్యే పనికి ఇన్నాళ్ళేంటి మామయ్యా?"

"కనపడ్డం లేదూ, ఎంత రద్దీగా ఉన్నానో!" అని ఖాళీ కొట్టు నాలుగు మూలలూ చూపించేవాడు.

అది ఓట్ల రోజు. వంతెన అవతల ఉన్న కొత్త పోలింగు గదికి తీసుకెళ్దామని వచ్చిన మేనకోడలికి, గోడకి చేరగిలబడి కునుకు తీస్తున్నట్టు కూర్చున్న మామయ్య కనపడ్డాడు. పలకరించబోయి ఆగిపోయింది. ఆయన కాళ్ళకి చెప్పులున్నాయి. ప్రాణం పోయిందన్న సంగతి తర్వాత తెలిసింది. ముందు భయపెట్టింది మాత్రం ఆ చెప్పులే. కొన్నేళ్ళుగా ఆయన ఉత్తకాళ్ళతోనే తిరుగుతున్నాడు మరి.

ఎందుకో చెప్పాలంటే ఆ పేట సంగతి చెప్పాలి. ఒకప్పుడు అదొక నియోజకవర్గం. ఊరి మొత్తంలో అంత చిన్నది ఇంకోటి లేదు. ఒకపక్క మిల్లు గోడ, ఒకపక్క రైలు పట్టాలు, ఇంకోపక్క మురిక్కాలువ. గెలిచినాయన పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి ఓటర్లందరినీ పలకరించేసి ఇంటికి రావచ్చని నవ్వుకునేవాళ్ళు. పోలింగు ఎప్పుడూ మిల్లు వెనక బడిలోనే. రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు తెల్లారేలోపే బడి ముందుకొచ్చి, వరసలో తమ చెప్పులు విడిచి, స్నానానికి ఉత్తకాళ్ళతో ఇళ్ళకి పోయేవాళ్ళు. చెప్పులున్నాయంటే మనిషి ఉన్నట్టే. పార్టీల వాళ్ళు చొక్కాలు చింపుకున్నారు గానీ, వరసలో ఉన్న చెప్పుని పక్కకి నెట్టిన మొనగాడు లేడు. ఒకసారి ఒక అభ్యర్థి బావమరిది కాలితో తన్నాడు. ఆ అభ్యర్థికి సొంత ఇంట్లోవాళ్ళ ఓట్లు కూడా పడలేదని చెప్పుకుంటారు.

ఆ చెప్పులన్నీ కుట్టింది మామయ్యే. ఊరందరికీ ఆయన మామయ్యే. నిజంగా మామయ్య అయింది ఒక్క మేనకోడలికే. బస్సు డిపోలో టిక్కెట్ల కిటికీ దగ్గర ఆమె ఉద్యోగం. అమ్మ పోయాక, తనవాడు అనడానికి ఆమెకి ఆయనొక్కడే మిగిలాడు.

మిల్లు మూతపడింది. బాగుచెయ్యమని ఇచ్చిన చెప్పులు మామయ్య దగ్గరే వదిలేసి జనం ఒక్కో ఇల్లే ఖాళీ చేశారు. ఓటర్లు పలచబడ్డారని పై అధికారులు పటం మీద గీతలు మార్చి, పేటని మూడు ముక్కలు చేసి, మూడు నియోజకవర్గాల్లో కలిపేశారు. బడికి తాళం పడింది.

"మా వంటగది ఒక నియోజకవర్గం, పడకగది ఇంకోటి. మా ఆవిడతో పొత్తు కుదరడం లేదు మామయ్యా" అన్నాడు టీ కొట్టాయన.

మామయ్య నవ్వలేదు. "మరి బడి గది దేంట్లో పడింది?" అని అడిగాడు. ఎవరికీ తెలియదు.

పేట పోయాక వచ్చిన మొదటి ఓట్లకి, మేనకోడలు ముందురోజే మామయ్యని తన ఇంట్లో పడుకోబెట్టుకుంది. పొద్దున ఇద్దరూ కలిసి బడి మీదుగా వచ్చారు. తాళం వేసిన తలుపు దగ్గర మొదలై, వరండా దిగి, బోరింగు దాటి, గేటు దాకా చెప్పుల వరస ఉంది. ఒకదాని వెనక ఒకటి, ముక్కులన్నీ తలుపు వైపు. మనుషులు లేరు. గాలి కూడా లేదు.

"నీ కొట్లో గోనెసంచిలోవి కదూ ఇవి? ఎవరు పెట్టారు?"

"నన్నడుగుతావేం? నేను రాత్రంతా మీ ఇంట్లోనే గురక పెట్టానుగా."

గేటు పక్కన, ఆఖరున ఉన్న జత దగ్గర ఆమె కాళ్ళు ఆగిపోయాయి. మడమ దగ్గర గోధుమరంగు అతుకు. అమ్మవి. నీడలో ఉన్న చెప్పులే. వంగి, లోపల చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి లాక్కుంది. అప్పుడే విడిచినట్టు వెచ్చగా ఉన్నాయి.

మామయ్య తన చెప్పులు విప్పి అమ్మ జత వెనక పెట్టాడు. "అక్క వెనక నేను" అన్నాడు.

ఇక అవి అక్కడే ఉండిపోయాయి. వీధి ఊడ్చేవాళ్ళు కూడా చీపురు వాటి చుట్టూ తిప్పి పోయేవాళ్ళు. మామయ్య ఉత్తకాళ్ళతో నడిచేవాడు. "కొట్టు నిండా చెప్పులు పెట్టుకుని నీ కాళ్ళకి కరువేంటయ్యా?" అని టీ కొట్టాయన దెప్పితే, "నా చెప్పులు పనిమీదున్నాయిలే" అనేవాడు.

రెండోసారి ఓట్లు వచ్చినప్పుడు వరస గేటు దగ్గర లేదు. బోరింగు దాకా జరిగింది. అమ్మ జత, దాని వెనక మామయ్య జత, మధ్య అదే జానెడు ఎడం. ముందున్నవి ఏమయ్యాయో? ఆమె కిటికీ సందులోంచి తొంగిచూసింది. గది నేల మీద మందంగా దుమ్ము. దాని మీద ఒక్క అడుగుజాడ కూడా లేదు.

ఆ రోజే ఆమె తెగించి చెప్పింది. "ఇంక చాలు మామయ్యా. వీధికి నీళ్ళు ఆపేస్తారట. కొట్టు కూడా పడగొడతారు. నాతో వచ్చెయ్."

"వస్తా. నా వంతు కానివ్వు."

"దేనికి వంతు?"

"వరసలో నిలబడ్డాక మధ్యలో పోతే వెనకవాళ్ళు నవ్వరూ?"

"నీ వెనక ఎవరున్నారని?" అంది గానీ, అన్నాక వెనక్కి తిరిగి చూడలేకపోయింది. కోపంగా మాట మార్చింది. "వచ్చేటప్పుడు చెప్పులు వేసుకుని రా. మా మెట్లు నున్నటి రాయి. ఉత్తకాళ్ళతో ఎక్కితే జారి పడతావు."

మూడోసారి ఓట్లకి ముందురోజు డిపో నుంచి వస్తూ చూసింది. వరండా మీద రెండే జతలు మిగిలాయి. తలుపుని ఆనుకుని అమ్మవి, దాని వెనక మామయ్యవి. ఇంటికెళ్ళినా నిద్ర పట్టలేదు. తెల్లారాక వెళ్ళేసరికి మామయ్య కొట్లో అలా కూర్చుని ఉన్నాడు, కాళ్ళకి చెప్పులతో.

అంతా అయిపోయాక బడికి వెళ్ళింది. వరండా ఖాళీ. అమ్మ జత కూడా లేదు. మామయ్య వంతు వచ్చేసిందనుకుంది. అక్క వెనక తమ్ముడు. తను ఎంత బతిమాలినా రానివాడు, ఆ తలుపు పిలవగానే చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడనుకుంది. ఆ మాట ఆమెని నెలల తరబడి కొరుక్కుతింది. తలుపులు మూసి ఉన్న ఏ గది ముందు నుంచి నడవాలన్నా చెప్పులు గట్టిగా చప్పుడు చేస్తూ నడిచేది.

చలికాలంలో, డిపో కిటికీ ముందు వరసలో, బడి పక్కనే ఉండే పాత ఆయా కనపడింది. టిక్కెట్టు తీసుకుని పక్కకి రమ్మంది.

"మీ మామయ్యని ఆఖరున చూసింది నేనేనమ్మా. ఆ రోజు చీకటి విడుతుండగా బడికొచ్చి తన జత తీసేసుకున్నాడు."

"వంతు వచ్చిందన్నాడా?"

"అదే అడిగా. 'ఎక్కడే, అక్క ఇంకా నా ముందే ఉందిగా' అన్నాడు. 'మరి మధ్యలో పోతున్నావేం?' అన్నా. 'అక్కకి చెప్పేశా. అమ్మడి చెప్పు ఒకటి మిగిలింది, అది కుట్టేస్తే దానింటికి పోవడమే' అన్నాడు."

"చెప్పులెందుకు వేసుకున్నాడు?"

"నేనూ అడిగానమ్మా. మీ ఇంటి మెట్లు నున్నటి రాయంట కదా."