వంగిన పైపు, ఆగిన తాంబూలం

నా నిశ్చితార్థం నాడు ఆళ్లగడ్డలో ఒక పైపు పడకేసింది. దాన్ని బిగించిన మేధావిని నేనే. ఆ పైపుతో పాటు నా పరువూ, పెళ్లీ ఎలా వేలాడాయో చెబుతాను, కడుపారా నవ్వుకోండి. జాలి మాత్రం పడకండి. అప్పటి నాలాంటి వెధవ మీద జాలి దండగ.

మాది నంద్యాలలో పైపుల కొట్టు. ఆళ్లగడ్డలో పప్పుల వ్యాపారం చేసే సుబ్బరాయుడుగారు నాకు కాబోయే మామ. ఆయన కొత్తగా కల్యాణ మండపం కట్టించి, వంటంతా ఆవిరి మీదే జరగాలన్నాడు. వెనక షెడ్డులో బాయిలర్, అక్కడి నుంచి వంటశాలలోని అన్నం గుండిగలకు పైపులు. అందులో మొదటి శుభకార్యం మా నిశ్చితార్థమే. ఎవరూ అడక్కుండానే "పైపుల పని నాకు వదిలేయ్ మామా" అన్నాను. పెళ్లి కుదిరింది, పైపు తలకు చుట్టమన్నాడట నాలాంటివాడొకడు.

ఆవిరికి ఇనుప పైపు వేయాలి. పైపు చివర్లకు మరలు కోయాలి, కీళ్లు బిగించాలి, లోపల చేరే నీళ్లు జారిపోయేలా కాస్త వాలు పెట్టాలి. అంత చాకిరీ ఎవడు చేస్తాడు? మా కొట్లో గీజర్లకు వేసే మీగడరంగు ప్లాస్టిక్ పైపులు ఎన్నాళ్లుగానో కదలకుండా పడి ఉన్నాయి. కదలని సరుకును చుట్టాలకు అంటగట్టే విద్య వ్యాపారుల ఇళ్లలో ఉగ్గుపాలతోనే అబ్బుతుంది. వాటిని ఆటోకెత్తిస్తుంటే నాయన అడ్డం వచ్చాడు.

"అవి స్నానాల గదికిరా. ఆవిరికి ఇనుప పైపే ఎయ్యాల."

"వేడినీళ్లకు ఆగేది ఆవిరికి ఆగదా నాయనా?"

"ఆగదు."

"ఆవిరంటే ఏముండాది? నీళ్ల పొగ. నీళ్ల కంటే తేలిక."

"నీ తలకాయ గూడా తేలికే" అని నాయన గల్లాపెట్టె దగ్గరికి పోయాడు.

నీళ్ల పొగ అట, విన్నారుగా. ఇంత జ్ఞానం ఉన్నవాడికి ఇక మరలెందుకు, వాలెందుకు? జిగురు పూసి ఒక్క పూటలో అతికించి పారేశాను. మామ వచ్చి కింది నుంచి పైదాకా చూశాడు.

"తెల్లగా ముచ్చటగా ఉండాది గానీ, నిలుస్తాదా అప్పా?"

"నాదీ పూచీ మామా."

ఆకలి కడుపులతో పెద్దలు తాంబూలాలు అందుకుంటే సంబంధం అచ్చిరాదని మామ నమ్మకం. అందుకే ఆయనింట్లో ముందు భోజనాలు, తర్వాతే తాంబూలాలు. అంటే అన్నం ఉడికితేనే నాకు పెళ్లి. ఈ సంగతి తెలిసి కూడా నేను ఆ రోజు పట్టుపంచె కట్టుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని, వంటశాలలో ఊరేగాను. రుద్రవరం, ఉయ్యాలవాడ చుట్టాలంతా వచ్చి కూర్చున్నారు. వంటమాస్టరు వాల్వు తిప్పాడు. కాసేపటికి పైపు మెల్లగా నడుం వంచింది. తర్వాత ఉడికిన పొట్లకాయలా వేలాడింది.

"ఏందప్పా, వంగుతాండాది?" అన్నాడు మామ.

"కొత్తది గదా మామా, సర్దుకుంటాంది."

"సర్దుకుంటాందా, పండుకుంటాందా?"

ఆ మాట పూర్తయ్యేలోగా మూల కీలు ఊడింది. బుస్సుమని ఆవిరి వంటశాలంతా కమ్మేసింది. అందరం బయటికి పరుగెత్తాం. ఎవరికీ చెయ్యి కూడా చుర్రుమనలేదు. కాలింది నా పరువొక్కటే. బాయిలర్ ఆపి, ఆవిరి తగ్గాక, వంటమాస్టరు గుండిగ మూత తీశాడు.

"బియ్యం ఇంగా బియ్యంగానే ఉండాయి సామీ."

చుట్టాలు ఫోన్లు పైకెత్తారు. నేను నంద్యాల చేరకముందే నా పైపు వీడియో చేరిపోయింది. అంతలో పెళ్లికూతురు పద్మజ పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వచ్చింది. ఓదారుస్తుందనుకున్నాను. చూశారా, నా పైపు లాగే నా ఆశకు కూడా వాలు లేదు.

"ఈ పైపు యాడ పెట్టేది?" అంది.

"స్నానాల గదిలో."

"మరి ఈడ ఏల పెట్టినావ్?"

"తెల్లగా బాగుంటాదని..."

"నన్ను గూడా తెల్లగుండానని ఒప్పుకున్నావా?"

ముహూర్తం దాటిపోయింది. కట్టెల పొయ్యి మీద చేసిన ఉప్మా తిని చుట్టాలు లేచారు.

"ఇనుప పైపు ఎయ్యి" అన్నాడు మామ. "దాని మీద అన్నం ఉడికినంక తాంబూలాల సంగతి జూద్దాం."

ఈసారి పైపులు నాయన ఎంచాడు, మరలు నేను తిప్పాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఇంకో మంచిరోజు చూసి, అదే చుట్టాలను కూర్చోబెట్టి, వాల్వు తిప్పారు. కాసేపయ్యాక వంటమాస్టరు గుండిగ మూత తీశాడు. పద్మజ ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపింది.

"ఉడికింది" అంది.

ఆ ఒక్క మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిరి మీదికి నెట్టేశాను గానీ, అది సంతోషమే.

ఆ పూటే తాంబూలాలు మార్చుకున్నారు. మామ మాత్రం ఆ వంకర పైపును పారేయలేదు. వంటశాల గుమ్మం మీద మేకు కొట్టి వేలాడదీశాడు. మండపం మాట్లాడుకోను వచ్చినవాళ్లు ఇప్పటికీ "అదేందన్నా?" అని అడుగుతారు.

"మా అల్లుడు" అంటాడు మామ.

కనుక ఆ గుమ్మం మీది నా ప్రతిరూపం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఆవిరి ఇడ్లీ రూపంలో వస్తే తప్ప దాని జోలికి పోను. ఆ ఇడ్లీ ఉడికిందో లేదో కూడా పద్మజే చెప్పాలి.